కంజురుహాన్ తర్వాత అరెమా, పెర్సెబయా అభిమానులు నిజంగా కలిశారా?

శ్రీనివాస్_సురబయ | 2025 అక్టోబర్ 1, రాత్రి 9:40

ఈరోజుతో కంజురుహాన్ ఫుట్‌బాల్ స్టేడియంలో జరిగిన ఘోరానికి మూడేళ్ళు. ఇక్కడ క్రికెట్ మాట్లాడేవాళ్ళే ఎక్కువని తెలుసు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

నేను ఇండోనేషియాలో, సురబయలో ఒక స్పిన్నింగ్ మిల్లులో పనిచేస్తాను. తూర్పు జావాకి ఎవరొచ్చినా మొదటి నెలలోనే ఒక సంగతి నేర్చుకుంటారు. సురబయ బండి నంబరు 'ఎల్'తో మొదలవుతుంది, మలాంగ్ బండి నంబరు 'ఎన్'తో. మ్యాచ్ రోజున ఎల్ బండి మలాంగ్‌లో కనబడితే అద్దాలు పగిలినట్టే. ఎన్ బండికి సురబయలోనూ అదే మర్యాద. రెండు ఊళ్ళ మధ్య దూరం 90 కిలోమీటర్లు. తరాలుగా ఇదే తంతు.

మా డ్రైవర్ సురబయ ఫుట్‌బాల్ జట్టు పెర్సెబయా అభిమాని. వాళ్ళని బోనెక్ అంటారు. జేబులో ఏమీ లేకపోయినా తెగింపునే పెట్టుబడిగా పెట్టుకుని మ్యాచ్‌కి బయల్దేరేవాడని అర్థం. మలాంగ్‌లో మాకు ఒక గోడౌన్ ఉంది. డెర్బీ, అంటే ఈ రెండు ఊళ్ళ జట్ల మ్యాచ్, ఉన్న వారంలో అక్కడికి వెళ్ళాలంటే ఈయన ముఖం మాడ్చుకునేవాడు. "వేరే కారు చూసుకోండి పాక్" అనేవాడు. (పాక్ అంటే మన 'సార్' లాంటిది.)

2022 అక్టోబర్ 1, శనివారం రాత్రి. మలాంగ్ దగ్గరి కంజురుహాన్ స్టేడియంలో ఆ ఊరి జట్టు అరెమా 2-3తో పెర్సెబయా చేతిలో ఓడింది. సొంత గడ్డ మీద ఆ జట్టు చేతిలో ఓడటం 23 ఏళ్ళలో అదే మొదటిసారి. గొడవలవుతాయని పెర్సెబయా అభిమానులకి ఆ రోజు టికెట్లే ఇవ్వలేదు. కాబట్టి గ్యాలరీల్లో ఉన్నదంతా అరెమా వాళ్ళే. కొట్టుకోవడానికి అవతలివాడే లేడక్కడ. ఓటమి తట్టుకోలేక కొందరు మైదానంలోకి దిగారు. పోలీసులు బాష్పవాయువు వదిలారు. మైదానంలోకే కాదు, కూర్చున్నవాళ్ళున్న గ్యాలరీల్లోకి కూడా. కళ్ళు మండి, ఊపిరాడక జనం గేట్ల వైపు పరిగెత్తారు. కొన్ని గేట్లు మూసి ఉన్నాయి, తెరిచినవి ఇరుకు. 13వ నంబరు గేటు దగ్గర మనుషులు ఒకరి మీద ఒకరు పోగుపడిపోయారు. మొత్తం 135 మంది చనిపోయారు. అందులో చాలామంది పిల్లలు.

ఆదివారం పొద్దున మా డ్రైవర్ రాలేదు. మధ్యాహ్నం ఫోన్ చేసి "పాక్, కారు ఇస్తారా? మలాంగ్ వెళ్ళాలి" అన్నాడు. ఏ ఊరికి వెళ్ళాలంటే ఏళ్ళ తరబడి భయపడ్డాడో ఆ ఊరికే, ఎల్ నంబరు కారులో. నేనూ ఎక్కాను. స్టేడియం ముందున్న సింహం విగ్రహం దగ్గర పూలు, కొవ్వొత్తులు, నీలం కండువాలు. ఈయన తన ఆకుపచ్చ కండువా తీసి వాటి మధ్య పెట్టాడు. పక్కనున్న నీలం చొక్కా కుర్రాడు చూశాడు. ఏమీ అనలేదు. కాస్త జరిగి చోటిచ్చాడు.

ఆ వారమంతా ఇలాంటివే జరిగాయి. అక్టోబర్ 4 రాత్రి యోగ్యకర్తాలోని మండల క్రిడా స్టేడియంలో ఆ ఊరి పీఎస్ఐఎం, పక్క ఊళ్ళ స్లెమాన్, సోలో జట్ల అభిమానులు ఒక్కచోట చేరారు. మామూలుగా వాళ్ళకి ఒకరంటే ఒకరికి పడదు. ఆ ఏడాది ఆగస్టులోనే స్లెమాన్ అభిమాని ఒకతను దెబ్బలకి చనిపోయాడు కూడా. అలాంటివాళ్ళు ఆ రాత్రి కౌగిలించుకున్నారు.

మూడేళ్ళయింది కదా, అందుకే అడుగుతున్నాను. ఇది నిలిచే సయోధ్యేనా? మీలో వేరే దేశాల్లో ఇలాంటివి దగ్గరగా చూసినవాళ్ళుంటే చెప్పండి.

వైజాగ్_వింగర్ | రాత్రి 10:15

అన్నా, చదువుతుంటే గొంతు పట్టేసింది. కానీ నాకు నమ్మకం లేదు. చావింట్లో అందరూ కలుస్తారు. దినం అయ్యాక పొలం గట్టు దగ్గర మళ్ళీ అదే తగాదా. ఇండోనేషియా లీగ్‌లో ఆ తర్వాతి సీజన్ నుంచి బయటి జట్టు అభిమానుల్ని స్టేడియంలోకే రానివ్వడం లేదు కదా. నిజంగా కలిసి ఉంటే ఆ నిషేధం ఎందుకు? కంజురుహాన్ మళ్ళీ కట్టి తెరిచాక, ఈ మే నెలలో అరెమా అక్కడ ఆడి ఓడితే పెర్సిక్ కెదిరి జట్టు బస్సు మీద రాళ్ళు వేశారు. 135 మంది చనిపోయిన ఆ స్టేడియం బయటే! ఇంకేం మారినట్టు?

బందోబస్తు_బాబూరావు | రాత్రి 10:52

నేను 31 ఏళ్ళు పోలీసు శాఖలో చేసి రిటైరయ్యాను. నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. వేలమంది ఒక్కసారి మైదానంలోకి దూకితే అక్కడున్న పోలీసుకి ఆలోచించుకునే టైం ఉండదు. నేను ఒక జాతరలో బందోబస్తు చేశాను, ఊరి పేరు వద్దు. వెనక నుంచి జనం తోసుకొస్తుంటే నా కాళ్ళు నేల మీద ఆనలేదు. అప్పుడు ఎవరు ఏ ఆర్డరిచ్చినా పాటిస్తాం. జనానికీ క్రమశిక్షణ ఉండాలి. తొక్కిసలాట అనేది జనం వల్లే జరుగుతుంది. అభిమానులు ముందు తమ తప్పు ఒప్పుకుంటేనే రాజీ నిలుస్తుంది.

సునీత_మెర్సీసైడ్ | అక్టోబర్ 2, ఉదయం 6:05

బాబూరావు గారూ, మీ వయసుకీ సర్వీసుకీ గౌరవం ఉంది. కానీ మీరు వాడిన ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. తొక్కిసలాట.

నేను లివర్‌పూల్‌లో నర్సుని, పదమూడేళ్ళుగా. ఇక్కడ మా వార్డులో ఏ పెద్దాయన్ని కదిపినా 1989 ఏప్రిల్ 15 దగ్గరికి వస్తారు. షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియం, లివర్‌పూల్‌కీ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కీ సెమీఫైనల్. ఆ రోజు దెబ్బ తిన్నవాళ్ళలో చివరివారు 2021లో చనిపోయారు, మొత్తం 97 మంది. వాళ్ళలో చాలామంది ఎవరి కాళ్ళ కిందా పడలేదండీ. నిలబడినవాళ్ళు నిలబడినట్టే పోయారు. ముందు ఇనుప కంచె, వెనక నుంచి ఒత్తిడి. ఛాతీ పైకి లేవడానికి చోటు లేకపోతే గాలి లోపలికి పోదు. మనిషికి నిమిషాల్లో స్పృహ పోతుంది. మన పేపర్లు ప్రతిసారీ 'తొక్కిసలాట' అని రాస్తాయి. ఆ మాట అనగానే జనమే జనాన్ని తొక్కి చంపారని తీర్పు ఇచ్చేసినట్టవుతుంది. గేటు ఎవరు తెరిచారు, ఎవరు మూశారు, లోపల ఎంతమందిని నింపారు, ఇవన్నీ ఆ మాట వెనక దాక్కుంటాయి.

హిల్స్‌బరోలో సరిగ్గా అదే జరిగింది. బయట రద్దీ పెరిగిందని పోలీసులే ఒక పెద్ద గేటు తెరిపించారు. లోపలికి వచ్చినవాళ్ళని ఖాళీగా ఉన్న పక్కల వైపు పంపకుండా, అప్పటికే నిండిపోయిన నడిమి భాగంలోకి వెళ్ళే సొరంగం దారిని తెరిచే ఉంచారు. తర్వాత అభిమానులే గేటు విరగ్గొట్టారని అబద్ధం చెప్పారు. తాగి వచ్చారన్నారు. నాలుగు రోజులకి ఒక పత్రిక, అభిమానులు చనిపోయినవాళ్ళ జేబులు కొట్టారని కూడా మొదటి పేజీలో వేసింది. ఆ పత్రికని ఈ ఊళ్ళో ఇప్పటికీ చాలామంది ముట్టుకోరు. 2012లో ఇండిపెండెంట్ ప్యానెల్ రిపోర్టు వచ్చాక తెలిసింది, పోలీసుల వాంగ్మూలాల్లో 164 దిద్దారని. 2016లో జ్యూరీ తేల్చింది, వాళ్ళు చట్టవిరుద్ధంగా చంపబడ్డారనీ, అభిమానుల తప్పేమీ లేదనీ. 27 ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు శ్రీనివాస్ గారి ప్రశ్నకి వస్తాను. లివర్‌పూల్‌కి ఊళ్ళోనే ప్రత్యర్థి ఎవర్టన్. ఒకరి స్టేడియం ఆన్‌ఫీల్డ్, ఇంకొకరిది 2025 మే దాకా గుడిసన్ పార్క్. మధ్యలో స్టాన్లీ పార్క్ అనే తోట. నడిస్తే పావుగంట. ఘోరం జరిగిన వారానికి, ఏప్రిల్ 22న, ఎరుపు కండువాకి నీలం కండువా ముడేస్తూ ఆ స్టేడియం నుంచి ఈ స్టేడియం దాకా తోట మీదుగా ఒకే తాడులా కట్టారు. నా పేషెంటు ఒకావిడ, ఎవర్టన్ మనిషి, నాకు చేత్తో చూపించారు ఆ ముడి ఎలా వేశారో. దుప్పటి అంచు పట్టుకుని. వర్షానికి తడిస్తే జారుతుందని రెండు ముడులు వేశారట.

కానీ నన్నడిగితే, అసలైంది కండువాల రోజు కాదు. 2009లో ఇరవయ్యో సంవత్సరీకం నాడు ఆన్‌ఫీల్డ్‌లో మాట్లాడటానికి ఒక మంత్రి వచ్చాడు, ఆండీ బర్నమ్. ఎవర్టన్ అభిమాని. జనం 'న్యాయం కావాలి' అని కేకలేశారు, ఆయన ప్రసంగం మధ్యలో ఆగిపోయింది. ఆయన కోపం తెచ్చుకోలేదు. వెనక్కెళ్ళి ఫైళ్ళు బయటపెట్టించే పనిలో పడ్డాడు. ఆ ప్యానెల్ అలా వచ్చిందే. ప్రత్యర్థి జట్టు మనిషి మన చావుకి కారణం తేల్చడానికి నిలబడ్డాడు చూడండి, అది నా లెక్కలో సయోధ్య.

బందోబస్తు_బాబూరావు | ఉదయం 8:30

అమ్మా సునీతా, పొద్దున్నే చదివాను. రెండుసార్లు చదివాను. వాంగ్మూలాలు దిద్దడం గురించి నాకు తెలియదు. అది తప్పు, శాఖలో పనిచేసిన మనిషిగా సిగ్గుపడాల్సిన తప్పు.

మా జాతరలో ఆ రోజు ఇద్దరు పోయారు. రిపోర్టులో మేమూ 'తొక్కిసలాట' అనే రాశాం. ఒక్కటే దారి పెట్టి రెండు వైపులా తాళ్ళు కట్టింది మేమే. అది రాయలేదు. ఇన్నేళ్ళలో ఈ మాట ఎవరితోనూ అనలేదు.

ఖరగ్‌పూర్_రావు | ఉదయం 9:10

బాబూరావు గారూ, ఇక్కడ చెప్పారు, మంచి పని చేశారు.

అందరికీ దసరా శుభాకాంక్షలు. మాది ఖరగ్‌పూర్. తాతగారు రైల్వే పనికి శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, అందులోనూ ఫుట్‌బాల్ జట్లలో సగం మంది ఈస్ట్ బెంగాల్ వైపు, సగం మంది మోహన్ బగాన్ వైపు. మా బాబాయి మోహన్ బగాన్ పిచ్చోడు. 1980 ఆగస్టు 16న కలకత్తా లీగ్ డెర్బీ ఈడెన్ గార్డెన్స్‌లో. ఆయన వెళ్ళాడు, ఇరవై రెండేళ్ళ వయసు.

ఇండోనేషియాలో అవతలివాళ్ళని రానివ్వలేదన్నారు కదా. ఈడెన్‌లో దానికి పూర్తిగా తలకిందులు. ఇద్దరి అభిమానులనీ ఒకే గ్యాలరీలో కలిపి కూర్చోబెట్టారు. రెండో సగంలో ఈస్ట్ బెంగాల్ దిలీప్ పాలిత్, మోహన్ బగాన్ బిదేశ్ బోస్ మైదానంలో కలబడ్డారు. రిఫరీ ఇద్దరినీ బయటికి పంపాడు. ఆ నిప్పు గ్యాలరీకి అంటుకుంది. రాళ్ళు, తోపులాట, కిందికి దిగే దారి ఇరుకు. 16 మంది పోయారు. అందరూ ఆట చూడ్డానికి ఇంట్లో చెప్పో చెప్పకో వచ్చినవాళ్ళు.

బాబాయి చెప్పేవాడు, మెట్ల దగ్గర ఎవరో ఆయన చొక్కా కాలరు పట్టుకుని పైకి లాగారని. తర్వాత చూస్తే బాబాయి మెడలో ఉన్న కండువా ఎరుపు-పసుపు. ఈస్ట్ బెంగాల్ రంగులు. ఆ గొడవలో ఎవరిదో వచ్చి పడింది. ఆ కండువా మా ఇంట్లో బీరువాలో ఇప్పటికీ ఉంది. మోహన్ బగాన్ ఇంట్లో.

అప్పటి నుంచి ఏటా ఆగస్టు 16ని ఫుట్‌బాల్ ప్రేమికుల దినం అంటారు. రక్తదాన శిబిరాలు పెడతారు. నేనూ ఇచ్చాను ఆరేడు సార్లు. మంచం మీద పడుకున్నప్పుడు పక్క మంచం మీదున్నవాడు ఏ జట్టో ఎవరూ అడగరు. ఇది నాకు కండువాల కంటే గట్టిదనిపిస్తుంది, ఎందుకంటే ఏటా జరుగుతుంది.

ఇంకొకటి. నిరుడు ఆగస్టు 18న సాల్ట్ లేక్ స్టేడియంలో డ్యూరాండ్ కప్ డెర్బీ ఉండాల్సింది. ఆర్జీ కర్ ఆసుపత్రిలో డాక్టరమ్మాయి మీద జరిగిన దారుణానికి ఊరంతా రగిలిపోతోంది. స్టేడియంలో నిరసన జరుగుతుందేమోనని మ్యాచే రద్దు చేశారు. అయినా అభిమానులు వచ్చారు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్, ముగ్గురూ కలిసి. వర్షంలో తడుస్తూ, ఒక జట్టువాడు ఇంకో జట్టువాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని న్యాయం అడిగారు. లాఠీలు పడ్డాయి, ముగ్గురి మీదా. బాబాయి ఉంటే ఆ ఫొటో చూసి ఏడ్చేవాడు.

మన హైదరాబాద్ వాళ్ళకి ఈ ముగ్గురితోనూ చుట్టరికం ఉంది. ఫుట్‌బాల్ ఆటగాళ్ళు నయీముద్దీన్, హబీబ్ ఇద్దరూ హైదరాబాద్ వాళ్ళే. ఇద్దరూ మూడు జట్లకీ ఆడారు. హబీబ్ సాబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో పోతే కలకత్తాలో మూడు జట్ల వాళ్ళూ మావాడేనన్నారు.

వైజాగ్_వింగర్ | ఉదయం 11:20

రావు గారూ, ఆ కండువా ఫొటో పెట్టగలరా?

నేను రాత్రి తొందరపడి రాశాను. కానీ నా అనుమానం పూర్తిగా పోలేదు. మీరు చెప్పినవన్నీ బాధ ఒకవైపే ఉన్నవో, ఇద్దరికీ సమానంగా ఉన్నవో. అవతలి జట్టు అభిమానులే చావుకి కారణమైతే? అప్పుడు కూడా కలుస్తారా?

టొరినో_తేజ | మధ్యాహ్నం 2:45

తమ్ముడూ, నువ్వడిగింది నేనున్న ఊరి కథే. ఇటలీలోని టూరిన్‌లో ఎంఎస్ చేస్తున్నాను, ఇక్కడ మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నాం. మా ఇంటి ఓనరు ఈ ఊరి జట్టు యువెంటస్ అభిమాని. ఆయన ముందు లివర్‌పూల్ పేరెత్తకూడదని మొదటి వారంలోనే తెలిసింది.

1985 మే 29, బ్రస్సెల్స్‌లో హైసెల్ స్టేడియం. యూరోపియన్ కప్ ఫైనల్, లివర్‌పూల్, యువెంటస్. మ్యాచ్‌కి ముందు లివర్‌పూల్ అభిమానుల గుంపు పక్క గ్యాలరీలోని వాళ్ళ మీదికి దూసుకెళ్ళింది. వాళ్ళు వెనక్కి తగ్గుతూ గోడ దగ్గర ఇరుక్కుపోయారు, గోడ కూలింది. 39 మంది చనిపోయారు, ఎక్కువమంది ఇటలీ వాళ్ళు. స్టేడియం పాతబడి శిథిలంగా ఉంది, ఏర్పాట్లు అధ్వానం, అదంతా నిజమే. కానీ దూసుకెళ్ళింది మాత్రం లివర్‌పూల్ వాళ్ళే. 14 మందికి శిక్షలు పడ్డాయి. ఇంగ్లండ్ క్లబ్బుల్ని ఐదేళ్ళు యూరప్ పోటీల నుంచి బహిష్కరించారు. ఇంకా ఘోరం ఏంటంటే ఆ శవాల మధ్య ఆ రాత్రే మ్యాచ్ ఆడించారు.

ఆ రెండు జట్లు మళ్ళీ ఎదురుపడింది 20 ఏళ్ళ తర్వాత, 2005 ఏప్రిల్‌లో ఆన్‌ఫీల్డ్‌లో. లివర్‌పూల్ అభిమానులు గ్యాలరీ మొత్తం అట్టలు పట్టుకుని ఇటాలియన్‌లో 'అమిచీట్సియా' అని చూపించారు, స్నేహం అని. కొందరు యువెంటస్ వాళ్ళు చప్పట్లు కొట్టారు. కొందరు వీపు తిప్పి నిలబడ్డారు. మా ఓనరు ఆ రోజు టీవీలో చూశాడట. "వీపు తిప్పినవాళ్ళు తప్పు చేశారా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "లివర్‌పూల్ వాళ్ళు 1986లోనే ఇలా వచ్చి ఉంటే నేను వీపు తిప్పి ఉండేవాణ్ణి కాదు" అన్నాడు.

కాబట్టి కలుస్తారు, కలవరు, రెండూ నిజమే. వీపు తిప్పే హక్కు కూడా వాళ్ళకి ఉండాలి అని నాకనిపిస్తుంది. క్షమాపణ అడిగేవాడు, అవతలివాడు వెంటనే చేయి కలపాలని ఎదురు చూడకూడదు.

సునీత_మెర్సీసైడ్ | సాయంత్రం 4:00

తేజా, ఇది ఇక్కడ చాలామంది మాట్లాడని విషయం. హిల్స్‌బరో గురించి గంటలు చెప్పేవాళ్ళు హైసెల్ అంటే ఒక నిమిషం ఆగుతారు. మా ఊరి తరఫున నేను ఏమీ అనలేను, ఈ ఊరు నాది అయిందే మొన్న. కానీ నువ్వు రాసింది మా వార్డులో ఒకాయనకి చెప్తాను. ఆయన 1985లో అక్కడ ఉన్నాడు. అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు.

శ్రీనివాస్_సురబయ | అక్టోబర్ 5, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా రాయలేకపోయాను, మిల్లులో ఆడిటింగ్. కానీ ప్రతి మాటా చదివాను, డ్రైవర్‌కి కూడా నాకొచ్చిన ఇండోనేషియన్‌లో చెప్పాను. సునీత గారి 'ప్రత్యర్థి జట్టు మనిషి' మాట విని ఆయన ఒక సంగతి బయటపెట్టాడు. ఇన్నాళ్ళూ నాకూ చెప్పలేదు.

కంజురుహాన్ కేసు విచారణ మలాంగ్‌లో జరగలేదు, సురబయ కోర్టులో జరిగింది. 2023 మొదట్లో. అంటే పిల్లల్ని పోగొట్టుకున్న మలాంగ్ తల్లిదండ్రులు న్యాయం కోసం 'శత్రువు' ఊరికి రావాలి. ఎన్ నంబరు బండిలో రావడానికి చాలామందికి జంకు. అప్పట్లో ఈయన నన్ను తరచూ సగం రోజు సెలవు అడిగేవాడు, ఇంట్లో పని అని. నేను విసుక్కున్నాను కూడా. అసలు పని ఏంటంటే, ఒక కుటుంబాన్ని బస్టాండులో ఎక్కించుకుని కోర్టుకి తీసుకెళ్ళి, మళ్ళీ బస్సెక్కించడం. వాళ్ళకి కోర్టు బయట ఎండలో నిలబడాల్సి వస్తే ఈయనా నిలబడ్డాడు.

తీర్పులు మీకు తెలిసే ఉంటాయి. మ్యాచ్ నిర్వాహకుడికీ ఒక పోలీసు అధికారికీ ఏడాదిన్నర, భద్రతా అధికారికి ఏడాది. ఇద్దరు పోలీసుల్ని వదిలేశారు. పొగని గాలి తోసుకెళ్ళిందన్న మాట కూడా వినిపించింది ఆ తీర్పులో. ఆ రోజు బస్టాండు దాకా కారులో ఎవరూ నోరు విప్పలేదట. ఆ ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ ఇద్దరికీ శిక్ష వేసింది, రెండేళ్ళు, రెండున్నరేళ్ళు. 135 ప్రాణాలకి ఇది చాలదని ఇక్కడ అందరూ అంటారు. 'ఉసుత్ తుంతాస్', అంటే మొదలంటా విచారించండి అన్న నినాదం మలాంగ్ గోడల మీద ఇంకా ఉంది. 2023 జనవరిలో అరెమా క్లబ్బు ఆఫీసు మీద దాడి చేసింది బోనెక్‌లు కాదు, సొంత అభిమానులే. క్లబ్బు తమ వైపు నిలబడలేదని.

వింగర్ తమ్ముడూ, నీ మాటలో నిజముంది. బస్సు మీద రాళ్ళు పడ్డాయి. నిషేధం ఉంది. రెండు క్లబ్బుల మధ్య పెద్దగా ఏం మారిందో నాకు కనబడటం లేదు. మారింది మనుషుల దగ్గర, అది కూడా కొందరి దగ్గర. లెక్క వేయడానికి నా దగ్గర ఇంతకు మించి లేదు.

ఇవాళ ఆదివారం కదా, ఇద్దరం కంజురుహాన్ వెళ్ళొచ్చాం. స్టేడియం కొత్తగా కట్టినా 13వ గేటుని స్మారకంగా అలాగే ఉంచారు. గోడకి ఫొటోలు ఆనించి ఉన్నాయి. ఒకావిడ వాటి అద్దాలు తడిగుడ్డతో తుడుస్తోంది. మా డ్రైవర్‌ని గుర్తుపట్టింది. కోర్టుకి తీసుకెళ్ళిన కుటుంబం ఆవిడదేనట. ఇంకో గుడ్డ తీసి ఈయన చేతికిచ్చింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని అరగంట తుడిచారు. నేను బకెట్‌లో నీళ్ళు మార్చాను. ఒక ఫొటో దగ్గర ఆవిడ ఎక్కువసేపు ఆగింది, పద్నాలుగేళ్ళుంటాయేమో ఆ అబ్బాయికి.

వచ్చేటప్పుడు మా డ్రైవర్ని అడిగింది, వచ్చే నెల పూలు సురబయ మార్కెట్ నుంచి తెస్తావా, ఇక్కడ ధర ఎక్కువ అని. రెండు కిలోలు, గులాబీ రేకులు. ఈయన సరేనని ఫోన్‌లో రాసుకున్నాడు.

ఖరగ్‌పూర్_రావు | అక్టోబర్ 6, ఉదయం 7:15

శ్రీనివాస్ గారూ, ఆ రెండు కిలోల్లో ఒక కిలో నాది. డబ్బులు ఎలా పంపాలో చెప్పండి.

వింగర్ బాబూ, కండువా ఫొటో సాయంత్రం పెడతాను. బీరువా తాళం పిన్ని దగ్గర ఉంది, గుడికెళ్ళింది.